నిద్రపోయే ఇంజిన్‌కి బలం మందు

వేలూరు బాగాయంలో డాక్టరు చీటీ లేకుండా బలం మందు తాగే అదృష్టం ఒక్క కార్లకే ఉంది. మనుషులకి ఆ వెసులుబాటు లేదు. సీఎంసీ మెడికల్ కాలేజీ ఉన్న చోటాయె, టీ అంగడిలో రెండుసార్లు దగ్గితే పక్క బల్ల మీదాయన "ఎన్నాళ్ళుగా?" అని కేసు షీటు మొదలుపెడతాడు. చిత్తూరు నుంచీ తిరుపతి నుంచీ ఫైలు సంకలో పెట్టుకుని వచ్చే మనవాళ్ళు రాసిచ్చిన మాత్ర తప్ప ఇంకోటి ముట్టరు. ఆ క్రమశిక్షణ అంతా ఆస్పత్రి గేటు వరకే. పార్కింగులోకి రాగానే ముప్పై లక్షలు పోసి కొన్న హైబ్రిడ్ కారు బానెట్ ఎత్తి, అంగడివాడు చేతిలో పెట్టిన డబ్బాను లేబులు కూడా చదవకుండా గుడగుడా ఒంపేస్తారు.

మా వీధిలో ఒకాయన ఉన్నాడు. లుంగీల వ్యాపారం గుడియాత్తంలో, కాపురం బాగాయంలో. వయసులో పెద్ద కాబట్టి నాకు అన్న. టయోటా ఇన్నోవా హైక్రాస్ హైబ్రిడ్ కొన్నాడు. కొన్నరోజు నుంచీ ఆయనకి ఒకటే దిగులు. రోడ్డు మీద శబ్దం లేకుండా పోతోంది, ఇంజిన్ ఎప్పుడు నడుస్తోందో ఎప్పుడు ఆగిందో తెలియడం లేదు. కష్టపడి సంపాదించినవాడికి కష్టం కనబడని యంత్రం మీద నమ్మకం కుదరదు కదా. అందుకని వేలూరులో ఒక స్పేర్ పార్ట్స్ అంగడికి నన్ను వెంటబెట్టుకుని పోయాడు.

అంగడివాడు సమస్యను ఒక్క నిమిషంలో పట్టేశాడు.

"సార్, మామూలు బండి పొద్దున ఒకసారి లేస్తాది, రాత్రికి పండుకుంటాది. మీ హైబ్రిడ్డు అట్లగాదు. తొరపాడి కాడ ట్రాఫిక్కులో పండుకుంటాది, మళ్ళా లేస్తాది. పాత బస్టాండు కాడ పండుకుంటాది, మళ్ళా లేస్తాది. లేచినప్పుడల్లా లోపల పొడిపొడిగా రుద్దుకుంటాది. ఈ డబ్బా పొయ్యండి, వెన్న మాదిరి పోతాది."

"అది నిజమే కదా తమ్ముడూ?" అన్నాడు అన్న నావైపు తిరిగి, జేబులో చెయ్యి పెడుతూనే.

ఒప్పుకోవాలి, వాదన బాగుంది. సగం నిజం కలిపిన వాదనకి ఉండే నిగారింపు దానికుంది. హైబ్రిడ్ ఇంజిన్ మాటిమాటికీ ఆగి లేవడం నిజం. లేచే తీరు మాత్రం అంగడివాడు చెప్పినట్టు కాదు. టయోటా హైబ్రిడ్‌లో పాతకాలపు స్టార్టర్ మోటారే ఉండదు. గేర్‌బాక్సులో ఉన్న పెద్ద కరెంటు మోటారే ఇంజిన్‌ని తిప్పుతుంది. నిమిషానికి దాదాపు వెయ్యి చుట్ల వేగం అందుకున్నాకే లోపల పెట్రోలు మండడం మొదలవుతుంది. అప్పటికే ఆయిల్ పంపు కూడా తిరుగుతుంటుంది. పైగా రెండు నిమిషాలు ఆగినంత మాత్రాన బేరింగుల మీది నూనె ఆవిరైపోదు. ఈ ఆగడాలూ లేవడాలూ లెక్కలో పెట్టుకునే కంపెనీవాళ్ళు ఆ బేరింగులు చేశారు. ఆ ఇంజిన్ గీసిన ఇంజినీర్లకి తట్టనిది వేలూరు కౌంటర్ మీద తట్టిందంటే, అంగడివాడికి ఈపాటికి జపాన్ నుంచి ఫోను వచ్చుండాలి.

ఇంతకీ డబ్బాలో ఏముంది? అరుగుదల తగ్గించేది, మురికి కడిగేది, రాపిడి తగ్గించేది. భలే. అవన్నీ క్యాన్‌లో ఉన్న ఇంజిన్ ఆయిల్‌లో ముందే ఉన్నాయి. ఏ మంచి ఆయిల్ తీసుకున్నా అందులో ముప్పాతిక వంతు నుంచి తొంభై శాతం దాకా మూల నూనె, మిగతాదంతా యాడిటివ్‌లే. మసిని కడిగే కాల్షియం, మెగ్నీషియం లవణాలు ఒకటి. కడిగిన మసి మళ్ళీ ముద్ద కట్టకుండా తేల్చి ఉంచేది ఇంకొకటి. నురగ రాకుండా సిలికోన్, రాపిడికి మాలిబ్డినం, అరుగుదలకి జింకు, గంధకం, భాస్వరం కలిసిన జెడ్‌డీడీపీ. వీటిలో చాలావి లోహం మీద చోటు కోసం పోటీ పడే సరుకులు. ఒకదాని పాలు పెంచితే ఇంకొకటి వెనక్కి తగ్గుతుంది. అందుకే ఏళ్ళ తరబడి ఇంజిన్లు నడిపి, విప్పి, కొలిచి ఆ పాళ్ళు తేలుస్తారు. నాలుగు లీటర్ల ఆయిల్‌లో నాలుగు వందల మిల్లీలీటర్ల డబ్బా కలిపితే పదో వంతు అదనం. తేల్చిన లెక్క అంతా ఒక్క ఒంపుతో చెరిగిపోతుంది.

భాస్వరం సంగతి గుడియాత్తం మనిషికి నేను చెప్పాలా? అగ్గిపెట్టెల ఊరు. పెట్టె పక్కన పుల్ల గీసే పట్టీలో ఉండేది ఎర్ర భాస్వరమే, అది ఎంత ఉండాలో అంతే ఉండాలని అక్కడ పని చేసిన ప్రతివాడికీ తెలుసు. కార్ల ఆయిల్‌లోనూ అంతే. పది లక్షల పాళ్ళలో 600 నుంచి 800 పాళ్ళ మధ్యే ఉండాలని ప్రమాణం. తగ్గితే ఇంజిన్ అరుగుతుంది. పెరిగితే ఆయిల్‌తోపాటు కొద్దికొద్దిగా కాలి, పొగగొట్టంలో ఉన్న క్యాటలిటిక్ కన్వర్టర్ మీద పేరుకుంటుంది. ఆ కన్వర్టర్ లోపలివి ప్లాటినం, పల్లాడియం, రోడియం. అన్న ఇంట్లో బీరువాలో దాచుకోదగ్గంత ఖరీదైన లోహాలు. వాటి మీద భాస్వరం పూత పూయడానికి మనం ఎదురు డబ్బులిస్తాం.

అన్నకి ఇంకో అనుమానం ఉంది, ఇది వేలూరు మొత్తానికీ ఉన్న అనుమానం. "ఈ 0డబ్ల్యూ-16 నూనె నీళ్ళ మాదిరి ఉండాది తమ్ముడూ. మంచు పడే దేశాలకి సరిపోతాదేమో. మన ఎండకి చిక్కటిది కావాల." వేలూరులో మే నెల ఎండ చూసినవాడెవడూ దీన్ని తేలిగ్గా కొట్టిపారేయలేడు. కాకపోతే ఇంజిన్‌కి మే నెల, మార్గశిరం అన్న తేడా లేదు. థర్మోస్టాట్ అనే చిన్న సామాను లోపలి నీటి వేడిని బయట ఏ ఋతువైనా ఇంచుమించు ఒకే మట్టంలో నిలబెడుతుంది. 0డబ్ల్యూ అన్నది గడ్డకట్టే చలిలో, సున్నాకి 35 డిగ్రీలు కింద పెట్టే పరీక్ష గురించి. మనకి పనికొచ్చే అంకె 16. అది నూరు డిగ్రీల వేడి మీద కొలిచిన చిక్కదనం. ఆ వేడి దగ్గర 6.1 సెంటీస్టోక్‌లకి తగ్గకుండా, 8.2 దాటకుండా ఉంటేనే డబ్బా మీద 16 అని అచ్చు వేయొచ్చు. బంక లాంటి యాడిటివ్ పోస్తే ఆ గీత దాటిపోతుంది. అంటే మైలేజీ కోసం ప్రత్యేకంగా పలచగా చేసిన నూనెను కొని, మైలేజీ కోసమే మళ్ళీ చిక్కబరిచామన్నమాట. రెండింటికీ బిల్లు మనదే.

ఈ డబ్బాలకి అంత మంచి పేరు ఎలా వచ్చిందంటే, ఒకప్పుడు కొంత పని చేశాయి గనక. లక్షల కిలోమీటర్లు తిరిగి, పిస్టన్ రింగులు వదులై, నీలం పొగ కక్కుతున్న ముసలి ఇంజిన్‌లో చిక్కటి సరుకు పోస్తే కొన్నాళ్ళు పొగ తగ్గుతుంది, చప్పుడు అణుగుతుంది. ఆ బండి అమ్ముకునేవాడికి ఆ కొన్నాళ్ళు చాలు. ఆ కీర్తినే కొత్త హైబ్రిడ్‌కి అంటగట్టడం ఇప్పటి వ్యాపారం.

మోసపోవడంలో మనం వెనకబడినవాళ్ళమని ఎవరూ చిన్నబుచ్చుకోనక్కర్లేదు, అమెరికా మనకంటే ముందుంది. అక్కడ స్లిక్ 50 అనే డబ్బా ఇంజిన్ లోపల టెఫ్లాన్ పూత వేస్తుందని ఊదరగొట్టింది. 1996లో ఫెడరల్ ట్రేడ్ కమిషన్ అడ్డం పడి, ఆ మాటలకి ఆధారం చూపమంది. మాన్యువల్‌లో చెప్పిన ఆయిల్ వాడితే చాలా ఇంజిన్లకి స్టార్టింగులో వచ్చే అరుగుదల నుంచి సరిపడా రక్షణ ఉన్నట్టేనని కూడా చెప్పింది. మరుసటి ఏడు రాజీ కుదిరింది. జెడ్‌మ్యాక్స్ అని ఇంకోటి. దాని మీద 2001లో అదే కమిషన్ వేసిన కేసు నాకు మరీ ఇష్టం. కంపెనీవాళ్ళు గొప్పగా చూపించుకున్న పరీక్షలోనే, డబ్బా కలిపిన ఆయిల్‌తో బేరింగుల తుప్పు ఉత్త ఆయిల్‌తో కంటే రెండింతలు దాటిందని, ఆ ముక్క మాత్రం ప్రకటనలో పెట్టలేదని ఆరోపణ. 2003లో పది లక్షల డాలర్లు కొన్నవాళ్ళకి తిరిగిచ్చేందుకు ఒప్పుకుని బయటపడ్డారు.

మన తమిళనాడు దీనికీ ఒక మెట్టు పైనే. 1996లో రాజపాళయం వైపు రామర్ పిళ్ళై ఏకంగా ఆకులు వేసి నీళ్ళు మరగబెట్టి పెట్రోలే తీశానన్నాడు. మూలికా పెట్రోలు! పెద్ద పెద్దవాళ్ళే నోళ్ళు తెరుచుకుని చూశారు. తర్వాత అదే పేరు మీద సరుకు అమ్మకానికీ వచ్చింది. సీబీఐ కేసు పెట్టింది, 2016లో చెన్నై కోర్టు మూడేళ్ళు శిక్ష వేసింది. ఆయనతో పోలిస్తే మన కౌంటర్ మనిషి సాధువు. వాడు కనీసం పెట్రోలు బంకులో కొట్టించుకోమంటున్నాడు.

అన్న చివరికి ఎనిమిది వందలు పెట్టి డబ్బా కొన్నాడు, పోశాడు. వారం తిరక్కుండా మా గేటు దగ్గర హారన్. "పదిహేడు వచ్చేది, ఇప్పుడు పంతొమ్మిదిన్నర చూపిస్తా ఉండాది. దీనికేమంటావు?"

ఏమంటాను? ఆ వారమే ఈశాన్య ఋతుపవనం దిగింది, ఏసీ అడుగంటా తగ్గించారు. అంతకంటే ముఖ్యం, డబ్బా పోసిన దగ్గర్నుంచి అన్న డ్రైవింగే మారిపోయింది. అంతకుముందు పళ్ళికొండ టోల్ గేటు దాటాక వెనకాల ఎవరో తరుముతున్నట్టు తొక్కేవాడు. ఇప్పుడు స్క్రీన్ మీద అంకెనే చూస్తూ, పెళ్ళికూతుర్ని దింపడానికి పోతున్నట్టు నడుపుతున్నాడు. హైబ్రిడ్‌కి అదే కావాలి. మెత్తగా తొక్కితే మోటారు మీద ఎక్కువ దూరం పోతుంది, మెత్తగా బ్రేకు వేస్తే బ్యాటరీ నిండుతుంది. బయల్దేరినప్పుడు బ్యాటరీ నిండుగా ఉండి, చేరేసరికి ఖాళీ అయితే అంకె ఇంకా అందంగా కనిపిస్తుంది. డబ్బా పని చేసింది ఇంజిన్ లోపల కాదు, అన్న కుడికాలి మీద. ఆ మాటే చెప్పాను. కాలికి ఎనిమిది వందలు ఎక్కువేమీ కాదు కదా అన్నాడు. దానికి నా దగ్గర జవాబు లేదు.

నిజానికి ఈ బండికి ఉన్న అసలు చిక్కు గురించి ఏ కౌంటర్‌లోనూ ఎవరూ మాట్లాడరు, ఎందుకంటే దానికి అమ్మడానికి డబ్బా లేదు. ఊళ్ళో మూడు కిలోమీటర్లు, నాలుగు కిలోమీటర్లు తిరిగే హైబ్రిడ్ ఇంజిన్ సరిగ్గా వేడెక్కే లోపే ఆగిపోతుంది. మండినప్పుడు పుట్టే నీటి ఆవిరి, కాలని పెట్రోలు కొంత జారి ఆయిల్‌లో కలుస్తాయి. వేడెక్కితే అవి ఎగిరిపోతాయి, లేకపోతే ఉండిపోతాయి. మందు ఏమిటంటే, అప్పుడప్పుడు గుడియాత్తం దాకా ఆగకుండా ఒక ట్రిప్పు, అన్నకి అది ఎలాగూ ఉద్యోగమే. కిలోమీటర్లు నిండకపోయినా మాన్యువల్‌లో చెప్పిన గడువుకి ఆయిల్ మార్చడం. ఆ మార్చే ఆయిల్ నకిలీది కాకుండా సీలు చూసి కొనడం. హోండా మాన్యువల్ అయితే ఇంకా ముక్కుసూటిగా ఉంటుంది. మీ బండికి ఆయిల్ యాడిటివ్‌లు అక్కర్లేదు, అవి ఇంజిన్ పనితీరునీ మన్నికనీ చెడగొట్టొచ్చు అన్నది సారాంశం. అయితే మాన్యువల్ ఉండేది గ్లవ్ బాక్సులో, ప్లాస్టిక్ కవరు విప్పకుండా, వినాయకుడి పటం కింద. కొన్ని సర్వీస్ సెంటర్లలోనూ ఎవరూ విప్పినట్టు లేరు. ఊరూ పేరూ చెప్పను గానీ, నా బండి బిల్లులోనే "ఇంజిన్ ట్రీట్‌మెంట్" అని ఒక వరస దర్శనమిచ్చింది. ఎవరడిగారని అడిగితే "అందరికీ వేస్తా ఉండాం సార్" అన్నారు, తీర్థం ఇచ్చినంత ప్రశాంతంగా.

ఇప్పుడు పెట్రోలులో ఇరవై శాతం ఇథనాల్ వచ్చాక వ్యాపారం ఇంకా జోరందుకుంది. ఇథనాల్‌లో లీటరుకి శక్తి మూడో వంతు తక్కువ కాబట్టి మైలేజీ కాస్త తగ్గుతుంది, అది ఏ డబ్బాతోనూ తిరిగిరాదు. అయినా ఆయిల్‌లో పోసే డబ్బా పక్కన పెట్రోలు ట్యాంకులో పోసే డబ్బా కూడా బారులు తీరింది.

మొన్న అన్న రెండో డబ్బా కోసం నన్ను మళ్ళీ అదే అంగడికి తీసుకెళ్ళాడు. ఇంజిన్‌ది కొన్నాడు, ట్యాంకుది కొన్నాడు. చిల్లర తీసుకుంటూ, ఎనిమిదేళ్ళ వారంటీ ఉన్న బ్యాటరీ గుర్తొచ్చి ఆగాడు.

"ఏమబ్బా, హైబ్రిడ్ బ్యాటరీలో పోసేది ఏమన్నా ఉండాదా?"

అంగడివాడు ఒక్క క్షణం కూడా తడుముకోలేదు. "వస్తా ఉండాది సార్. వచ్చే నెల స్టాకు. పేరు రాసుకోమంటారా?"

అన్న అడ్వాన్సు ఇచ్చేశాడు.