తిరగబెడుతుందా అని నన్నెవరూ అడగలేదు

నేనొక ఎమ్మారై స్కాన్‌ని. అమెరికాలో, ఒహాయో రాష్ట్రంలోని క్లీవ్‌లాండ్ నగరంలో పుట్టాను. నాలో కనిపించేది ఒక రిటైర్డ్ బస్సు డ్రైవరు ప్రోస్టేట్ గ్రంథి. ఆయన నల్లజాతి మనిషి. ఆ దేశంలో ప్రోస్టేట్ క్యాన్సర్ నల్లజాతి మగవాళ్లకే ఎక్కువగా వస్తుంది. తెల్లవాళ్లతో పోలిస్తే దీనితో చనిపోయే రేటు వాళ్లలో దాదాపు రెట్టింపు. ఆయన మేనమామ కూడా ఈ జబ్బుతోనే పోయాడు. అందుకే ప్రోస్టేట్ నుంచి రక్తంలోకి వచ్చే ప్రోటీన్‌ను కొలిచే పీఎస్ఏ పరీక్షను ఆయన వాయిదా వెయ్యలేదు. అంకె పెరిగి ఉంది. స్కాన్ గదికి పంపారు.

నన్ను కన్నది 3 టెస్లాల అయస్కాంతం. భూమి అయస్కాంత క్షేత్రం కంటే దాదాపు 60 వేల రెట్లు బలమైనది. దాని తీగచుట్టలను ద్రవ హీలియం మైనస్ 269 డిగ్రీల చలిలో ఉంచుతుంది. మనిషి ఒంట్లో ఉన్న నీటిలోని హైడ్రోజన్ కేంద్రకాలు ఆ అయస్కాంతం దిక్కుకు సర్దుకుంటాయి. రేడియో తరంగంతో వాటిని కదిలించి వదిలేస్తే, మళ్లీ కుదురుకుంటూ సన్నని సంకేతాలు విడుస్తాయి. నేను ఆ సంకేతాలతో తయారయ్యాను. చూసేవాళ్లకు నలుపు తెలుపుల బొమ్మగా కనిపిస్తాను కానీ నా అసలు రూపం అంకెల పట్టిక. ప్రతి చుక్కా ఒక అంకె.

నాలో ముఖ్యమైన భాగాలు రెండు. ఒకటి గ్రంథి నిర్మాణాన్ని చూపిస్తుంది. ఆరోగ్యంగా ఉన్న గ్రంథి అంచు భాగంలో నీరు నిండిన సన్నని నాళాలుంటాయి కాబట్టి అక్కడ తెల్లగా మెరుస్తుంది. రెండోది నీటి అణువులు ఎంత స్వేచ్ఛగా కదులుతున్నాయో కొలుస్తుంది. క్యాన్సర్ కణాలు కిక్కిరిసిన చోట నీటి అణువు తిరునాళ్లలో ఇరుక్కున్న మనిషిలా ముందుకూ వెనక్కూ జరగలేదు. అక్కడ అంకె పడిపోతుంది, బొమ్మ నల్లబడుతుంది. ఆయన గ్రంథి ఎడమవైపు అంచున అలాంటి నల్లటి మచ్చ ఉంది.

రేడియాలజిస్టు నన్ను శ్రద్ధగా చదివారు. క్యాన్సర్ అనుమానాన్ని 1 నుంచి 5 వరకు కొలిచే పైరాడ్స్ కొలమానంలో 5 వేశారు. మచ్చ ఎక్కడుంది, గ్రంథి పొర దాటిందా, వీర్యకోశాల్లోకి పాకిందా అన్న మూడు ప్రశ్నలకు జవాబులు రాశారు. సర్జనుకు కావలసింది అంతే. బయాప్సీలో క్యాన్సరేనని తేలింది, ఆపరేషన్ చేసి గ్రంథిని తీసేశారు. నేను ఆస్పత్రి సర్వర్లో వేల స్కాన్ల మధ్యకు చేరిపోయాను.

ఆపరేషన్ తర్వాత ఆయన పీఎస్ఏ పరీక్షకు అందనంత కిందికి దిగింది. గ్రంథే లేనప్పుడు ఆ అంకె ఉండకూడదు కూడా. అయినా ఇలా గ్రంథి తీయించుకున్నవాళ్లలో 20 నుంచి 40 శాతం మందికి పదేళ్లలోపు అది మళ్లీ పైకి లేస్తుంది. మిల్లీలీటరుకు 0.2 నానోగ్రాములు దాటి, రెండోసారి చేసినా అలాగే ఉంటే జబ్బు తిరగబెట్టినట్టు లెక్క. మూడో ఏడు ఆయనకూ అదే జరిగింది.

అలాగైతే ఆపరేషన్ అయిన వెంటనే అందరికీ రేడియేషన్ ఇచ్చేస్తే పోదా? బ్రిటన్ కేంద్రంగా 1,396 మందితో జరిగిన రాడికల్స్ అనే పరిశోధన ఈ ప్రశ్ననే పరీక్షించింది. 2020లో ఫలితం వచ్చింది. ముందే అందరికీ ఇవ్వడం వల్ల, పీఎస్ఏ పెరిగాక ఇవ్వడం కంటే జబ్బు అదుపులో అదనపు మేలు కనబడలేదు. మూత్రం ఆపుకోలేకపోవడం, మూత్రనాళం కుంచించుకుపోవడం వంటి బాధలు మాత్రం పెరిగాయి. ఎక్కువమంది విషయంలో వేచి చూడటమే మేలని తేలింది. కానీ ఆ వేచి చూసేవాళ్లలో ఎవరిది మొండి జబ్బో ముందే తెలిస్తే, వాళ్ల మీద మరింత కన్నేసి ఉంచవచ్చు. నా దృష్టిలో ఈ వైద్యంలో ఇప్పుడు తేలాల్సిన అసలు ప్రశ్న ఇదే.

పీఎస్ఎమ్ఏ పెట్ అనే కొత్త స్కాన్ ఉంది. ప్రోస్టేట్ క్యాన్సర్ కణాల ఒంటిమీద ఎక్కువగా ఉండే ఒక ప్రోటీన్‌ను రేడియోధార్మిక గాలియం-68 తగిలించిన మందు పట్టుకుంటుంది. ఆ గాలియం 68 నిమిషాల్లో సగానికి తగ్గిపోతుంది, కాబట్టి పని త్వరగా ముగించాలి. అమెరికాలో 2020 డిసెంబరులో దానికి తొలి అనుమతి దొరికింది. తిరగబెట్టిన జబ్బు ఎక్కడ నక్కిందో వెతకడంలో దాని చూపు గొప్పది. కానీ కత్తి పడకముందు తీసిన బొమ్మను నేను. నాకు తెలిసింది వేరు.

నన్ను మళ్లీ బయటికి తీసింది పరిశోధకులు. పేరు, పుట్టినతేదీ చెరిపేశారు. క్లీవ్‌లాండ్‌లోని కేస్ వెస్టర్న్ రిజర్వ్ విశ్వవిద్యాలయంలో అప్పట్లో అనంత్ మాడభూషి బృందం ఇలాంటి పాత స్కాన్ల మీద పనిచేసింది. కంటికి కనిపించే మచ్చతో వాళ్లు ఆగలేదు. పక్కపక్క చుక్కల అంకెలు ఎంత తేడాగా ఉన్నాయి, ఎంత గజిబిజిగా ఉన్నాయి అని కంప్యూటరుతో లెక్కవేయించారు. ఇలాంటి లెక్కల్లో కొన్ని 1973లో రాబర్ట్ హరాలిక్ బృందం ప్రచురించినవి. వాళ్లు ఇసుకరాళ్ల సూక్ష్మచిత్రాలనూ, విమానాల నుంచీ ఉపగ్రహాల నుంచీ తీసిన నేల ఫొటోలనూ వర్గీకరించడానికి వాడారు. రాళ్లనూ పొలాలనూ గుర్తుపట్టిన లెక్కలు మనిషి ప్రాణానికి పనికిరావడం నాకిప్పటికీ అబ్బురమే.

క్లీవ్‌లాండ్ బృందం దాదాపు 200 మంది స్కాన్లను పరిశీలించి, రాడ్‌క్లిప్ అనే అంచనా పద్ధతిని 2021లో ప్రచురించింది. ఆపరేషన్‌కు ముందటి స్కాన్‌లోని అంకెల అల్లికనూ రోగి వివరాలనూ కలిపి, తిరగబెట్టే ప్రమాదాన్ని అది లెక్కగడుతుంది. వేల డాలర్లు ఖర్చయ్యే జన్యుపరీక్షతో పోల్చి చూస్తే వెనకబడలేదు. అలాంటి లెక్కకు పెట్టినప్పుడు నన్ను ఎక్కువ ప్రమాదం వైపు చేర్చారు. నా అంకెల్లో ఆ సంగతి మొదటినుంచీ ఉంది.

కానీ నన్ను గుడ్డిగా నమ్మవద్దు. ఒకే మనిషికి రెండు కంపెనీల యంత్రాల్లో స్కాన్ తీస్తే అంకెలు ఒకేలా రావు. ముందుగా వాటిని ఒక దారికి తేవాలి. పైగా ఇది పాత రికార్డులను వెనక్కి తిరిగి చూసి చేసిన పని. ఇలాంటి పద్ధతి ఆపరేషన్ బల్ల దగ్గర నిర్ణయాలు మార్చాలంటే, కొత్త రోగులను ముందునుంచీ వెంబడించే పెద్ద పరిశోధనల్లో నెగ్గాలి. తీసిన గ్రంథిని సూక్ష్మదర్శిని కింద చూసి చెప్పే గ్లీసన్ స్కోరు, కోత అంచుల్లో క్యాన్సర్ మిగిలిందా లేదా అన్న రిపోర్టు, పీఎస్ఏ, ఇవన్నీ పక్కన ఉంటేనే నా మాటకు విలువ.

జబ్బు తిరగబెట్టాక ఆయనకు పీఎస్ఏ ఇంకా తక్కువగా ఉన్నప్పుడే రేడియేషన్ మొదలుపెట్టారు. ఆలస్యం చేసి అంకె బాగా పెరిగాక ఇస్తే దాని బలం తగ్గుతుంది.

తెలుగు పాఠకులకు నా విన్నపం ఒకటే. మీ ఇంట్లో ఎవరికైనా ప్రోస్టేట్ స్కాన్ తీస్తే, ఫిల్ములు తెచ్చుకుని ఊరుకోకండి. ఫిల్ము మీద ఎంచిన కొన్ని బొమ్మలే ఉంటాయి. అంకెలన్నీ సీడీలో ఉంటాయి, అడిగి తీసుకోండి, ఆపరేషన్ అయిపోయిందని పారేయకండి. ఒంట్లో బాగానే ఉన్నా డాక్టరు చెప్పిన గడువుకు పీఎస్ఏ పరీక్ష చేయించండి.