అసైన్డ్ మనుషులు

కొడుకు ఆస్ట్రేలియాలో ఉంటే తల్లిదండ్రులకు రెండు పనులుంటాయి. పచ్చళ్లు మోసుకెళ్లడం, వాడు చూపించిందల్లా చూసి ‘అబ్బో’ అనడం. మెల్‌బోర్న్‌లో మూడో వారానికల్లా మా ‘అబ్బో’లు అయిపోయాయి. కంగారూలు అయ్యాయి, సముద్రం అయింది, గుడి రెండుసార్లు అయింది. అప్పుడు మావాడు, “టాస్మానియాలో రెండొందల ఏళ్లనాటి దొరల వ్యవసాయక్షేత్రం ఉంది నాన్నా, యునెస్కో లిస్టులో కూడా ఎక్కింది” అన్నాడు. వ్యవసాయం అనేసరికి నాకు ఊపొచ్చింది.

లాన్సెస్టన్‌కి దగ్గర్లో లాంగ్‌ఫర్డ్ అనే ఊరు. అక్కడ పక్కపక్కనే వూల్మర్స్, బ్రికెండన్. ఒకటి థామస్ ఆర్చర్‌ది, రెండోది ఆయన సోదరుడు విలియమ్‌ది. వూల్మర్స్ బంగళా ముందుభాగం ఇటలీ తరహాలో నిగనిగలాడుతుంటుంది. వెనక్కి వెళ్తే మొదట కట్టుకున్న చెక్క ఇల్లు అలాగే ఉంది. గులాబీ తోట సంగతి చెప్పక్కర్లేదు. నేను తెలుగువాణ్ణి కాబట్టి చుట్టూ చూసి ముందుగా అడగాల్సిందే అడిగాను: “ఇక్కడ ఎకరం ఎంతుంటుంది?”

మావాడు సిగ్గుపడ్డాడు. మా ఆవిడ మాత్రం బంగళా నేలవంక చూస్తూ, “ఏవండీ, ఇంత ఇల్లు రోజూ ఊడ్చి తుడిచింది ఎవరంటారు?” అంది.

ఆ రోజంతటికీ పనికొచ్చే ప్రశ్న అదొక్కటే.

1788 నుంచి 1868 దాకా బ్రిటన్ సుమారు 1,60,000 మంది ఖైదీల్ని ఆస్ట్రేలియాకి ఓడలెక్కించింది. అందులో 70 వేల పైచిలుకు ఈ టాస్మానియా దీవికే వచ్చారు. అప్పుడు దీని పేరు వాన్ డీమెన్స్ లాండ్. గొర్రెని కొట్టేసినవాడు, బట్టల తాను ఎత్తుకెళ్లినవాడు, జేబురుమాలు లాగినవాడు. ఏడేళ్లు, పద్నాలుగేళ్లు, లేదా యావజ్జీవం. దిగినవాళ్లని జైల్లో పెట్టి మేపడం సర్కారుకి దండగ. అందుకని భూములున్న దొరలకి పంచింది. దొర తిండి, బట్ట, తలదాచుకోను చోటు చూసుకోవాలి. జీతం ఇవ్వక్కర్లేదు. ఈ పథకానికి వాళ్లు పెట్టుకున్న పేరు ‘అసైన్‌మెంట్’.

చూశారా, మాట మనకి తెలిసిందే. మన దగ్గర సర్కారు పేదలకి భూములు అసైన్ చేస్తుంది. అక్కడ భూములున్నవాళ్లకి పేదల్ని అసైన్ చేసింది. మన అసైన్డ్ భూమి ఇష్టమొచ్చినట్టు అమ్ముకోకూడదు. వాళ్ల అసైన్డ్ మనిషినీ అమ్ముకోకూడదు. రూల్స్ దగ్గర దొరలు ఎంత పద్ధతైన వాళ్లో!

పద్ధతికి ఇంకో ఉదాహరణ. పనివాడు ఎదురు మాట్లాడాడనుకోండి, దొర తన చేత్తో కొరడా ఎత్తకూడదు. మేజిస్ట్రేటు దగ్గరికి పంపాలి. మేజిస్ట్రేటు ఎవరయ్యా అంటే చాలాసార్లు పక్క ఎస్టేటు దొరే. ఇవాళ నా పనివాడికి నువ్వు కొరడా దెబ్బలు రాయి, రేపు నీ పనివాడికి నేను రాస్తా. మన థామస్ ఆర్చర్ కూడా మేజిస్ట్రేటే, పైగా శాసనమండలి సభ్యుడు. న్యాయానికి మైలు దూరం నడవక్కర్లేని రోజులు!

ఇక ఊడ్చి తుడిచిన ఆడమనిషి సంగతి. ఆమె కూడా అసైన్డే. బంగళాలో ఉండగా గర్భవతి అయితే, బిడ్డ తండ్రి ఎవరన్నది బంగళాకి అక్కర్లేదు. ఆమెని మాత్రం ‘ఫీమేల్ ఫ్యాక్టరీ’కి తిప్పి పంపేవాళ్లు. పేరు ఫ్యాక్టరీ, నిజానికి ఆడవాళ్ల జైలు. అక్కడే కాన్పు, ఆ తర్వాత శిక్ష. హోబార్ట్‌లోని కాస్కేడ్స్ ఫ్యాక్టరీలో పసిపిల్లలు కుప్పలుగా చనిపోయారు. 2010లో యునెస్కో ఖైదీల కాలపు 11 చోట్లని ఒకే జాబితాలో వారసత్వ సంపదగా ప్రకటించింది. ఈ బంగళా అందులో ఉంది, ఆ ఫ్యాక్టరీ కూడా ఉంది.

గొర్రెని దొంగిలించినవాడికి అంత శిక్ష పడిందే, మరి దీవిని దొంగిలించినవాళ్లకి ఎంత పడాలి? ఎంతా పడలేదు, తెచ్చుకున్న డబ్బునిబట్టి ఎకరాలు ఉచితంగా పడ్డాయి. 1830లో ఆ దీవి ఆదివాసుల్ని వేటజంతువుల్లా తరమడానికి రెండువేల మందికి పైగా వరస కట్టి నడిచారు. అసైన్డ్ ఖైదీల్ని కూడా ఆ వరసలో నిలబెట్టారు. ఒక దొంగతనానికి శిక్ష పడ్డవాడు ఇంకో దొంగతనంలో కూలీ లేని కూలీ అయ్యాడు.

1853లో ఖైదీల రాక ఆగింది. మూడేళ్లకి దీవి పేరే మార్చేశారు, మచ్చ పోతుందని. మచ్చ పోలేదుగాని ఫ్యాషన్ అయింది. ఒకప్పుడు ముత్తాత ఖైదీ అని దాచుకున్నవాళ్లు ఇప్పుడు వంశవృక్షంలో ఒక దొంగ దొరికితే పండగ చేసుకుంటున్నారు. దాని మీద నాకు కోపం లేదు. దాచుకోవడం కన్నా నయం.

నాకు గుచ్చుకున్నది అంకెలు. వూల్మర్స్‌లో వరసగా ఆరు తరాల వారసులకీ థామస్ అనే పేరు. అందుకని వాళ్లని ఒకటో థామస్, రెండో థామస్ అంటూ లెక్కపెట్టుకుంటారు. ఆరో థామస్ 1994లో సంతానం లేకుండా పోయాడు. దొరలకి అలా ఆరు అంకెలు. ఖైదీలకీ అంకెలున్నాయి, పోలీసు నంబర్లు. ఒకటో థామస్ ఇల్లు ‘కట్టాడు’, పొలం ‘చేశాడు’, గొర్రెల్ని ‘పెంచాడు’. పోలీసు నంబరున్నవాడికి మాత్రం ఒక్క క్రియాపదం కూడా మిగల్లేదు.

తిరుగుదారిలో మావాడు ఫోన్లో ఏదో తీసి మా ఆవిడకి చూపించాడు. ఖైదీల రిజిస్టరు పేజీ. ఎత్తు, కళ్ల రంగు, ఒంటి మీద పచ్చబొట్లు, చేసిన తప్పు, తిన్న శిక్ష. పారిపోతే పట్టుకోవడానికి రాసుకున్న లెక్క అది. అయితేనేం, మనిషి ముఖం ఆనవాలు అందులోనే మిగిలింది. టాస్మానియా లైబ్రరీ వాళ్లు ఆ రిజిస్టర్లని ఆన్‌లైన్‌లో ఉచితంగా ఉంచారు. మీ పిల్లలు మిమ్మల్ని కూడా ఆ గులాబీ తోటకి తీసుకెళ్తే, బయల్దేరేముందు అందులో నాలుగు పేర్లు చదువుకుని వెళ్లండి. ఎకరం ధర తర్వాత అడగొచ్చు.