మా రోజుల్లో అడిగేవాళ్లే లేరు

మా రోజుల్లో జహీరాబాద్ చుట్టుపక్కల పోలియోతో కాలు చచ్చుబడ్డ పిల్లలు ఎందరో ఉండేవాళ్లు. ఎత్తుకుపోయే ఓపిక తల్లికుంటే బడి, లేకుంటే అరుగు మీదే బతుకు. ఎందరున్నారని అడిగిన ఆఫీసరు లేడు. 1981 జనాభా లెక్కల్లో మాత్రం చూపు బొత్తిగా లేనివాళ్లు, మాట రానివాళ్లు, కాళ్లూచేతులూ పనిచేయనివాళ్లు అని రాసుకున్నారు. 1991లో ఆ ప్రశ్నే ఎత్తేశారు. వికలాంగుల సంఘాలు కొట్లాడితేనే 2001లో మళ్లీ వచ్చింది.

ఇప్పుడు వైకల్యం మీద సర్వేకు వచ్చే కుర్రవాళ్లను చూస్తే నాకు ముచ్చటేస్తుంది. కళ్లజోడు పెట్టుకున్నా చూపు ఆనట్లేదా, నడవడం, మెట్లెక్కడం కష్టమా అని అడుగుతారు. ఇబ్బంది లేదా, కొంచెమా, చాలానా, అసలు చేతకాదా అని రాసుకుంటారు. అట్లా అడిగితే షుగరుతో చూపు మందగించిన ముసలమ్మ కూడా లెక్కలోకి వస్తుంది. 2014లో హైదరాబాద్‌ ప్రజారోగ్య సంస్థ, లండన్ పరిశోధకులు కలిసి మహబూబ్‌నగర్ జిల్లాలో ప్రశ్నలడిగి, పరీక్షలు చేస్తే పదిమందిలో ఒకరికి పైగానే వైకల్యం ఉన్నట్టు తేలింది. 2011 జనాభా లెక్కలు దేశం మొత్తానికి చెప్పింది నూటికి ఇద్దరు!

మరి నా కోపమెందుకంటే, లెక్క తేలినా పని కావట్లేదు. పట్వారీల కాలంలో కాయితం పని అరుగు మీదే అయ్యేది. ఇప్పుడు పింఛను కావాలంటే దరఖాస్తు పెట్టాలి, వైకల్య పరీక్షల క్యాంపుకు పోవాలి, నూటికి కనీసం 40 వైకల్యం ఉందని డాక్టరు రాయాలి. 2016 వికలాంగుల హక్కుల చట్టం వైకల్యాలను 7 నుంచి 21 రకాలు చేసింది, మంచిదే. పాత ప్రభుత్వ భవనాలన్నీ రూల్స్ వచ్చాక ఐదేళ్లలో అందరూ ఎక్కేలా మార్చాలనీ చెప్పింది. ఆ గడువు 2022 జూన్‌తోనే తీరిపోయింది.

మొన్న పనిమీద ఒక ఆఫీసుకు పోయాను. ర్యాంపుంది. అడుగు ఎత్తుకు పన్నెండడుగుల పొడవుండాలి, అక్కడ నాలుగడుగులు కూడా లేదు. దానిమీద రెండు బైకులు పెట్టారు. పైన ఇనుప గేటుకు తాళం. నేను కర్ర పట్టుకుని మెట్లెక్కాను. మూడు చక్రాల బండి మీద వచ్చినాయన కిందే ఉండిపోయి, కాయితం నా చేతికిచ్చి పంపాడు. తనిఖీ ఫారంలో మాత్రం 'ర్యాంపు ఉంది' అనే గదిలో టిక్కు పడుతుంది.

ఇలాంటి చోట్ల వికలాంగులకు దేశమంతటా పరిస్థితి ఏమిటో చూసి రాయమని సుప్రీంకోర్టు మన శామీర్‌పేటలోని నల్సార్ విశ్వవిద్యాలయాన్ని అడిగింది. వాళ్లిచ్చిన నివేదిక ఆధారంగానే 2024 నవంబర్ 8న, ఈ విషయంలో ఉన్న రూలు చెల్లదని చెప్పి, తప్పనిసరిగా పాటించాల్సిన ప్రమాణాలు మూడు నెలల్లో తయారు చేయమని కేంద్రాన్ని ఆదేశించింది. పరిశోధనంటే అదీ!

మా ఊళ్లకు వచ్చే బిడ్డలారా, మా జవాబులు పట్టుకుపోయి మాయమైపోకండి. ఏం తేలిందో తెలుగులో రాసి, ఇక్కడికే తెచ్చి చెప్పండి. మా జహీరాబాద్ దగ్గరి మాచ్‌నూర్‌లో 2008లో ఆడవాళ్లు పెట్టుకున్న సంఘం రేడియో ఉంది, దాంట్లో వినిపించండి. ఈసారి సర్వేకు ఇక్కడి వికలాంగులనే జీతమిచ్చి జట్టులో పెట్టుకోండి.