జెడ్ డ్రైవు జమాఖర్చు

లెక్కలకు తాళం వేయడం మన దగ్గర కొత్త ముచ్చటేం కాదు. పట్వారీ గొలుసుకట్టు రాతలో రాసిన భూముల పహాణీ చదవడానికి మళ్ళీ ఆ పట్వారీయే రావాలి. ఎన్టీ రామారావు ప్రభుత్వం ఆ కొలువులు తీసేసేదాకా పాస్‌వర్డ్ పట్వారీ చేతివేళ్ళలోనే ఉండేది. మరిచిపోతాడన్న భయం లేదు, చెప్పడన్న భయమే.

ఇప్పటి షావుకారుకు ఆ రాత రాదు. కంప్యూటరులో ట్యాలీ ఉంది. 2017 జులైలో జీఎస్టీ వచ్చాక, నేను లెక్కలు రాసిపెట్టే వాళ్ళంతా జనగామ పత్తి అడ్తి దగ్గర్నుంచి భూపాలపల్లి లారీల కాంట్రాక్టరు దాకా చిట్టా పుస్తకాలు అటక మీదికెక్కించారు. వెంటనే బెంగ మొదలైంది. ల్యాప్‌టాప్ దొంగలెత్తుకపోతే? అల్లుడు తెరిచి చూస్తే? రెండోదే అసలు బెంగ. దీనికి మందుగా హైదరాబాదు నుంచి పండక్కొచ్చిన మేనల్లుడు వెరాక్రిప్ట్ వేసిపోతాడు. మళ్ళీ ఫోనెత్తేది వచ్చే పండక్కే.

వెరాక్రిప్ట్ చేసే పని ఇది: హార్డ్ డిస్కులో ఒక పెద్ద ఫైలు సృష్టిస్తుంది. పైనుంచి చూస్తే అందులో అంతా చెత్త. పాస్‌వర్డ్ కొడితే ఆ చెత్తే జెడ్ అనే కొత్త డ్రైవై కూర్చుంటుంది, ట్యాలీ డేటా దాంట్లో కనబడుతుంది. మూస్తే మాయం. దీనికి ముందు ట్రూక్రిప్ట్ ఉండేది. దాన్ని రాసినవాళ్ళు పేర్లు చెప్పుకోలేదు. 2014 మేలో ఒకరోజు, ఇది భద్రం కాదు, వేరేది చూసుకోండని సైటులో రాసి దుకాణం కట్టేశారు. మన దగ్గర చిట్టీలు ఎత్తేసినవాళ్ళు ఆమాత్రం కూడా చెప్పిపోరు లెండి.

జనగామలో చిక్కంతా ఆ జెడ్ అక్షరంతోనే. ట్యాలీకి డేటా ఎక్కడుందో జెడ్ అని చెప్పి పెట్టాం. గుమాస్తా హడావిడిలో అదే ఫైలును వై మీద తెరిచాడు. ఆ రోజు ఇరవయ్యో తారీఖు, జీఎస్టీ త్రీబీ రిటర్నుకు ఆఖరు రోజు.

"తమ్మీ, కంపెనీ పోయింది!" అని పత్తి సేటు ఫోను. వెనకాల హమాలీలెవరో సేటును ఓదారుస్తున్నారు.

"ఎక్కడికీ పోలే సేట్. వైలో ఉన్నది. మూసి, జెడ్ మీద తెరవమనుండ్రి."

"ఒక్క అక్షరానికే ఇన్నేండ్ల లెక్క కనవడకుంట పోతదా?"

పోతుంది. ఇంకోటుంది. ట్యాలీలోంచి బయటికి రాకుండా డ్రైవు మూయబోతే, ఫైళ్ళు వాడకంలో ఉన్నాయి, బలవంతంగా మూసేయమంటావా అని వెరాక్రిప్ట్ అడుగుతుంది. చదవకుండా ఎస్ నొక్కడంలో మనవాళ్ళు దిట్టలు. ఆ తర్వాత డేటా చెడితే తిట్లు తినేది మాత్రం నేను.

భూపాలపల్లి కాంట్రాక్టరు జాగ్రత్తపరుడు. విండోసుకు బిట్‌లాకర్, దానిలోపల వెరాక్రిప్ట్, దానిలోపల మళ్ళీ ట్యాలీవాల్ట్. ఈ ఆఖరిదాని పాస్‌వర్డ్ మరిచిపోతే ట్యాలీ చేసినవాళ్ళే వచ్చినా తెరవలేరు. అందుకని మూడు తాళాల గుట్టూ గోడ క్యాలెండరు మీద, గ్యాసు బండి వచ్చిన తేదీల పక్కనే రాసిపెట్టుకున్నాడు. బిట్‌లాకర్ రికవరీ కీలో 48 అంకెలు. కొత్త సంవత్సరం రాగానే ఇంటావిడ పాత క్యాలెండరును చింపి అల్మారాలో మసాలా డబ్బాల కింద పరిచింది. విండోస్ ఆ కీ అడిగిన నాడు ఆయన ధనియాల డబ్బా ఎత్తి పట్టుకుంటే, నేను మోకాళ్ళ మీద కూచుని అంకెలు చదివాను. కొన్నింటి మీద పసుపు పడింది. అది మూడా, ఎనిమిదా అని మేము తర్కించుకుంటుంటే ఇంటావిడ వచ్చి, ఫోనులో ఫొటో తీసి పెట్టుకోవచ్చు గదా అంది. మూడు తాళాల కంటే ఆ ఇంట్లో తెలివి ఆమెకే ఎక్కువుంది.

మానుకోట మిర్చి సేటుకు మాత్రం వెరాక్రిప్ట్‌తో ప్రేమ కుదిరింది. ఒకే ఫైలుకు రెండు పాస్‌వర్డులు పెట్టుకోవచ్చని ఎవరో చెప్పారట. ఒకటి కొడితే పైకి చూపే డ్రైవు, ఇంకోటి కొడితే దాని ఖాళీ జాగాలో దాచిన రహస్య డ్రైవు. రెండోది ఉందని ఎవరూ రుజువు చేయలేరు.

"ఒక డబ్బల రెండు లెక్కలా! గిది చేసినోడు మనోడేనా తమ్మీ?"

"మొదట చేసింది ఫ్రాన్సు కంపెనీ సేట్. కానీ ఒక చిక్కున్నది. పైదాంట్ల కొత్త లెక్కలు రాసుకుంట పోతే, అవి పోయి లోపలిదాని మీద పడి దాన్ని చెరిపేస్తయి."

సేటు గల్లాపెట్టె మీద చెయ్యి వేసి కాసేపు మాట్లాడలేదు.

"అంటే తెల్ల లెక్క ఎక్కువ రాస్తే నల్ల లెక్క పోతదన్నట్టు."

"అట్లనే. పోకుంట కాపాడే ఏర్పాటున్నది. దానికి తెరిచేటప్పుడే రెండు పాస్‌వర్డులూ కొట్టాలె."

"రెండు యాదికుంటే నిన్నెందుకు పెట్టుకుంట?" అని తక్‌పట్టీ చీటీల కట్ట నా ముందుకు తోశాడు.