టైరు పేలితే ఆగకండి: విమానం ఎక్కేవారికి తలకిందుల సలహాలు

ఢిల్లీ నుంచి హైదరాబాద్ విమానం ఎక్కారు. ఇందిరాగాంధీ విమానాశ్రయం రన్‌వే మీద పరుగు జోరందుకున్నాక కింద ఢామ్మని చప్పుడు. కారులో అయితే 'ఆపు, ఆపు' అంటాం. ఇక్కడ మాత్రం ఆగకూడదనే కోరుకోండి. ప్రతి టేకాఫ్‌కూ ముందే ఒక నిర్ణయ వేగం లెక్కగడతారు. పైలట్లు దాన్ని వీ-వన్ అంటారు. అది దాటాక బ్రేకు వేస్తే మిగిలిన రన్‌వే చాలకపోవచ్చు, పైగా పేలిన చక్రానికి బ్రేకు సరిగా పట్టదు. ఇంజిన్లు బాగున్నాయా, ఎగరడమే క్షేమం. ఏ320కైనా, బోయింగ్ 737కైనా ప్రధాన చక్రాలు జంటలుగా ఉంటాయి. ఒకటి పోతే దాని జత బరువు మోస్తుంది.

ఎగిరాక చక్రాలు లోపలికి ముడవలేదని కంగారుపడకండి. అనుమానం ఉంటే కావాలనే బయట ఉంచుతారు. 1991 జులై 11న జెడ్డాలో హజ్ యాత్రికులతో లేచిన డీసీ-8 విమానంలో టైర్లు పరుగులోనే అంటుకున్నాయి. ఆ సంగతి తెలియని పైలట్లు చక్రాలు ముడిచారు. మంట లోపలికి చేరింది. 261 మందిలో ఒక్కరూ మిగల్లేదు. టైర్లలో గాలి తక్కువని నేలమీద ముందే తెలుసు. ఆలస్యమవుతుందని నింపకుండానే పంపేశారు. అందుకే నా గట్టి సలహా: 'టైరు చూస్తున్నాం, కాస్త ఆలస్యం' అని ప్రకటిస్తే సిబ్బంది మీద అరవకండి. ఆ చూసే మెకానిక్‌కు మనసులోనే దండం పెట్టండి.

వెనక్కి తిప్పుతున్నామంటే గొడవపడకండి. ఢిల్లీ నుంచి పారిస్ బయలుదేరిన ఎయిర్ ఇండియా విమానం ఒకటి రెక్కలోని స్లాట్ అనే కదిలే భాగం మొరాయించి వెనక్కి వచ్చింది. రన్‌వే మీద టైరు ముక్కల్లాంటివి కనబడ్డాయని విమానాల రాకపోకలను నియంత్రించే ఏటీసీ కూడా చెప్పింది. ముక్కలంటే అంత భయమెందుకంటే, 2000 జులై 25న పారిస్‌లో కాంకార్డ్ ఇంధన ట్యాంకును దెబ్బతీసింది చిరిగిన టైరు ముక్కే. 113 మంది చనిపోయారు.

దిగాక రన్‌వే మధ్యలోనే ఆపేస్తే లేచి నిలబడకండి. చిరిగిన టైరుతో సాధారణంగా గేటుదాకా నడపరు, అక్కడే పరీక్షిస్తారు. 2019 జూన్ 12న దుబాయ్ నుంచి వచ్చిన స్పైస్‌జెట్ విమానం చిరిగిన టైరుతోనే జైపూర్‌లో దిగింది. 189 మంది ప్రయాణికులూ క్షేమం.

సిబ్బంది చెప్పకముందే తలుపు తీయబోకండి. మంట ఏ చక్రం దగ్గరుందో బయట చూసుకున్నాకే వాళ్లు తలుపు ఎంచుకుంటారు. దిగమన్నారో, బ్యాగు పైనే వదిలేసి దిగండి.