మా బావగారి చెవులకు జోహార్లు

బావగారూ, ఊళ్లో అందరూ పాటలు వింటారు. మీరు వైర్లు వింటారు. అంతటి చెవులు అల్లుడి రూపంలో మా ఇంటికి నడిచొచ్చినందుకు ఇన్నాళ్లూ లోలోపల మురిసిపోతూ ఊరుకున్నాను. ఇక ఆగలేక రాస్తున్నాను. బావమరిది పొగడ్త కదా అని తేలిగ్గా తీసిపారేయకండి.

మొన్న యాంప్లిఫయరుకి మీరు కొన్న కరెంటు తీగ సంగతే చూద్దాం. మీటరున్నర పొడవు, వెండి పూత, పాము కుబుసంలాంటి జాలీ తొడుగు. దాని ధరకి నేనొక స్కూటరు కొనుక్కున్నాను. అది తగిలించగానే "కరెంటు శుభ్రపడింది, వీణ మీద గోరు ఆనడం కూడా వినిపిస్తోంది" అన్నారు. నాకు ఒళ్లు పులకరించింది. ఆ కరెంటు ఎక్కడ పుట్టిందో, కొత్తగూడెంలోనో, రామగుండంలోనో! మధ్యలో ఉక్కు పోగులున్న అల్యూమినియం తీగల మీద వందల కిలోమీటర్లు నడిచింది. సబ్‌స్టేషన్లు దాటింది. మీ వీధి చివర కాకులు వాలే ట్రాన్స్‌ఫార్మరు దగ్గర 11 వేల వోల్టుల నుంచి కిందికి దిగింది. బిల్డరు చవగ్గా దొరికిందని గోడలో దూర్పించిన తీగ గుండా మీ సాకెట్టుకి చేరింది. అంత దారి పొడుగునా అంటిన మురికిని మీరు ఆఖరి మీటరున్నరలో కడిగేశారు! యాంప్లిఫయరు ఎలాగూ ఆ కరెంటును డీసీగా మార్చుకుని, కెపాసిటర్లలో నింపుకుని, అక్కడినుంచే వాడుకుంటుందని ఇంజనీరింగు చదివిన మా మేనల్లుడు ఏదో చెప్పబోయాడు. "నీకు చెవి లేదురా" అని ఒక్క ముక్కలో తేల్చేశారు. లక్షలు పోసి చదివించిన తండ్రికి ఆ మాత్రం హక్కుంటుంది.

స్పీకరు తీగల దగ్గర మీ తెగువ ఇంకా గొప్పది. కరెంటు సామాన్ల కొట్లో దొరికే 2.5 చదరపు మిల్లీమీటర్ల రాగి తీగ ఐదు మీటర్లు లాగితే, పోనూ రానూ కలిపి దాని నిరోధం ఓములో పదో వంతు కూడా ఉండదు. ఎనిమిది ఓముల స్పీకరు ముందు అదొక లెక్కా అని చెవి లేని జనం దానితోనే కాలక్షేపం చేస్తారు. మీరు మీటరు పదివేల తీగ తెప్పించారు. నేల తగిలితే ధ్వని మైలపడుతుందని దాన్ని పింగాణీ పీటల మీద పడుకోబెట్టారు. "ఇది మాగడానికి 300 గంటలు పడుతుంది సార్, అప్పుడు చూడండి దీని తడాఖా" అన్నాడట కొట్టాయన. సరుకు వాపసుకి గడువు పది రోజులని, అంటే 240 గంటలని, బిల్లు వెనకాల అచ్చేసి ఉంది. ఆ రెండంకెలూ పక్కపక్కన పెట్టి చూసే చిల్లర బుద్ధి మీకు లేదు.

లోకమంతా ఎదురు సాక్ష్యం చెప్పినా మీరు చలించరు. 2007లో జేమ్స్ రాండీ అనే ఇంద్రజాలికుడు అమెరికాలో ఒక సవాలు విసిరాడు. 7,250 డాలర్ల స్పీకరు తీగలకీ, వాటికంటే ఎంతో చవకైన వాటికీ తేడా కేవలం చెవితో కనిపెట్టినవారికి పది లక్షల డాలర్లిస్తానన్నాడు. ఆ సొమ్ము ఎవరూ పట్టుకెళ్లలేదు. మీరు అప్పుడు అటువైపు వెళ్లకపోవడం అతగాడి అదృష్టం. అదే ఏడాది మేయర్, మోరన్ అనే ఇద్దరు తమ పరీక్ష ఫలితాలు అచ్చేశారు. హై రిజల్యూషన్ డిస్కును ఉన్నదున్నట్టు ఒకసారీ, 16 బిట్లు, 44.1 కిలోహెర్ట్జ్ ఉన్న మామూలు సీడీ స్థాయికి దించి మరోసారీ వినిపించి, ఏది ఏదో చెప్పమన్నారు. 554 సార్లు అడిగితే 276 సార్లు సరిగ్గా చెప్పారు. రూపాయి బిళ్ల ఎగరేసినా దాదాపు అన్నే వచ్చేవి. 2022లో జరిగింది ఇంకా చోద్యం. మొబైల్ ఫిడెలిటీ అనే కంపెనీ ఎల్పీలు నూటికి నూరుపాళ్లూ అనలాగ్ అని నమ్మి, ఆ నిండుదనం డిజిటల్‌కి ఎక్కడిదని ఏళ్ల తరబడి కీర్తించినవాళ్లున్నారు. తీరా చూస్తే వాటిలో చాలావాటి తయారీలో 2011 నుంచీ ఒక డిజిటల్ మెట్టు ఉందని బయటపడింది. డిజిటల్ వాసన ఆమడ దూరంలో పసిగట్టే ముక్కులన్నీ అప్పుడు కోర్టు మెట్లెక్కాయి.

మా మేనల్లుడు మిమ్మల్నీ అడిగాడు. "నాన్నా, నువ్వు అటు తిరిగి కూర్చో, నేను తీగలు మారుస్తుంటాను, ఏది ఏదో చెప్పు" అన్నాడు. పరీక్ష అనగానే మనసు బిగుసుకుపోతుందనీ, బిగుసుకున్న మనసుకి సూక్ష్మాలు అందవనీ సెలవిచ్చారు. నిజమే. తీగ కళ్లెదుట ఉండి, దాని ధర గుర్తుంటే తప్ప మనసు హాయిగా వదులు కాదు.

జీవకారుణ్యం కూడా తక్కువ కాదు మీకు. యాభై ఎనిమిదేళ్ల చెవికి పైస్థాయి 12, 14 కిలోహెర్ట్జ్ అందితేనే గొప్ప. మీరు 40 కిలోహెర్ట్జ్ దాకా పలికే ట్వీటరు కొన్నారు. ఆ స్థాయిలో వినగలిగేవి మీ వీధి కుక్కలే. వాటికోసం ఇంత ఖర్చు పెట్టేవాణ్ని నేనెక్కడా చూడలేదు. 50 వాట్లు చాలవని 100 వాట్ల యాంప్లిఫయరు తెచ్చారు. దానితో పెరిగేది మూడు డెసిబెల్లేనని తెలిసినా మూడంటే మూడే కదా అని చిన్నచూపు చూడలేదు.

వీటన్నిటికంటే నేను చేతులెత్తి మొక్కేది గది పట్ల మీ వైరాగ్యానికి. స్పీకరు నుంచి బయల్దేరిన ధ్వనిలో చెవికి తిన్నగా చేరేది కొంతే. మిగతాది గోడకీ నేలకీ కప్పుకీ కొట్టుకుని కాస్త ఆలస్యంగా వచ్చి దానిలో కలుస్తుంది. అందుకే పామరులు ముందు గది చూసుకుంటారు. స్పీకర్లు రెండూ, కూర్చునే చోటూ ఒకదానికొకటి సమాన దూరంలో ఉండేలా సర్దుకుంటారు. స్పీకర్లను గోడకి రెండడుగులు ఎడంగా జరిపి, ట్వీటరు చెవి ఎత్తులో ఉండేలా చూసుకుంటారు. దీనికి దమ్మిడీ ఖర్చు లేదు. మీకు రుచించకపోవడానికి అదే కారణమని నా అనుమానం. మీ ఎడమ స్పీకరు బాల్కనీ తలుపు మూలన ఇరుక్కుని ఉంది. కుడిది షోకేసు నెత్తిన, మా అమ్మ ఇచ్చిన వెంకటేశ్వరస్వామి పటం పక్కన కొలువుదీరింది. మీ కుర్చీ వెనక గోడకి ఆనుకుని ఉంది. హాలు పొడవు పన్నెండడుగులు. ధ్వని సెకనుకి 343 మీటర్లు పోతుంది కాబట్టి, ఆ లెక్కన 47 హెర్ట్జ్ దగ్గర ఆ గది తనంతట తానే మోగుతుంది. ఆ మోత జోరంతా ఎదురెదురు గోడల దగ్గరే. అంటే స్పీకరు ఉన్న మూలలో, మీరు కూర్చున్న చోట. బేస్ గిటారు ఆ స్వరం ముట్టుకున్నప్పుడల్లా షోకేసు అద్దాలు గజగజలాడితే "బేస్ అంటే అదీ!" అన్నారు. కిందింటివాళ్లు కూడా ఆ మాటే ఒప్పుకున్నారు, రాతపూర్వకంగా.

నిజానికి ఆ హాల్లో ధ్వనికి మేలు చేసే సామాను కొంత ఉండేది. నేల మీద తివాచీ, కిటికీకి మందపాటి తెరలు, అక్కయ్య పుస్తకాల అల్మరా. తివాచీ మీ పింగాణీ పీటలకి అడ్డొచ్చింది. తెరలు ర్యాకుకి అడ్డొచ్చాయి. అల్మరా ఉన్న చోట రెండో యాంప్లిఫయరు కూర్చోవలసి వచ్చింది. అన్నిటినీ సాగనంపారు. ఇప్పుడక్కడ ఒక్కసారి చప్పట్లు కొడితే ఆ చప్పుడు టైల్సుకీ బోసి గోడలకీ తగిలి మళ్లీ మళ్లీ తిరిగొస్తుంది. మిమ్మల్ని మెచ్చుకునేవాళ్లు కరువైన రోజున ఆ లోటు గదే తీరుస్తుంది.

మొన్న ఆదివారం మాయాబజార్ పాటలు వినిపించారు చూశారూ, అక్కడ నేను పూర్తిగా దాసోహమైపోయాను. 1957 నాటి సినిమా. ఆ పాటల రికార్డింగు మోనో. రెండు స్పీకర్లలోంచీ వచ్చేది ఒకటే. కొత్త తీగ తగిలించి "వయొలిన్లు ఎడమకి జరిగాయి, ఘంటసాల నడిమికొచ్చాడు, విన్నావా?" అన్నారు. మద్రాసు స్టూడియోలో ఎవరూ విడదీయని వాద్యాలను అరవై ఏళ్లు దాటాక కూకట్‌పల్లిలో కూర్చుని విడదీయడం మామూలు మనిషికి సాధ్యమా! నేను "ఆహా" అన్నాను. అప్పటికి కాఫీ ఇంకా రాలేదు. పాట మాత్రం పల్లవి దాటలేదు, పాత తీగతో మళ్లీ మొదటినుంచి పోల్చి చూడాలన్నారు. మీ ఇంట్లో చరణం విన్న అతిథి నాకు తెలిసి ఇంతవరకూ లేడు.

జపాన్‌లో కొందరు ధ్వనిప్రియులు ఇంటి ముందు సొంత కరెంటు స్తంభం పాతించుకుని, సొంత ట్రాన్స్‌ఫార్మరు పెట్టించుకున్నారని 2016లో పత్రికల్లో వచ్చింది. అది చదివినప్పటినుంచీ మీరు అపార్ట్‌మెంటు అసోసియేషన్‌తో మంతనాలాడుతున్నారని తెలిసింది. సంతకాలు కావాలంటే నాది పెట్టేసుకోండి, ఆ ఫ్లాట్లలో ఉండేవాణ్ని కాకపోయినా.

మీరు సాగనంపిన తివాచీ, తెరలు, అల్మరా మా ఇంటికే వచ్చాయి కదా. మా పాత సెట్టు ఉన్న గదిలో వాటిని సర్దాక దాని గొంతులో బొంగురు తగ్గింది. మాటలు విడివిడిగా తెలుస్తున్నాయి. అంతా మీ చలవే. ఇప్పుడు హాల్లోంచి గుడ్డ సోఫా కూడా తీసేసి గాజు టీపాయి, తోలు కుర్చీ వేయిస్తున్నారని అక్కయ్య చెప్పింది. బ్రహ్మాండమైన ఆలోచన. ఆలస్యం చేయకండి. సోఫా మాత్రం ఎవరికీ మాటివ్వకండి. ట్రాలీ ఆటో నేనే మాట్లాడుకుని ఆదివారం పొద్దున్నే వస్తాను.