యావరేజ్ సీజన్‌కి సక్సెస్ మీట్ పెట్టడం ఎలా?

ఇంటర్ కాలేజ్ టోర్నమెంట్లు అయిపోయాయి. మీ బాస్కెట్‌బాల్ టీమ్ సగం గెలిచింది, సగం ఓడింది, క్వార్టర్ ఫైనల్ దగ్గర బ్యాగులు సర్దుకుంది. ఇప్పుడు ఎవరో బుద్ధిమంతుడు “ఓసారి అందరం కూర్చుని ఎక్కడ పోయిందో చూసుకుందాం” అన్నాడట. తమ్ముడూ, కెప్టెన్‌వి నువ్వు. ముందు ఆ మీటింగ్ ఆపించు.

బోరబండలో పుట్టి పెరిగినవాడివి. జూబ్లీహిల్స్‌కి ఇవతల నువ్వు, అవతల ఫిల్మ్‌నగర్. అక్కడివాళ్లు ఇలాంటివి ఎలా గట్టెక్కిస్తారో చూసి నేర్చుకో. శుక్రవారం సినిమా వస్తుంది, శనివారం సక్సెస్ మీట్ పెడతారు, సోమవారానికి థియేటర్లో ఏసీ ఒక్కటే మిగులుతుంది. మైకు పట్టుకున్నవాడు సోమవారం సంగతి ఎత్తడు, చూశావా? నువ్వూ ఎత్తకు.

అసలు యావరేజ్ రావడం అదృష్టం. ఫ్లాపయితే జనం తిడతారు, ఆ తిట్లలో ఒకటో రెండో నిజాలు చెవిన పడతాయి. యావరేజ్‌కి ఆ బాధ లేదు. గెలిచిన మ్యాచ్‌లు మన టాలెంట్. ఓడినవి రిఫరీ, ఫ్లోర్, ఎండ, లేటుగా వచ్చిన ఎంఎంటీఎస్.

సీజన్‌ని చెప్పేటప్పుడు మొదటి మ్యాచ్, ఆఖరి మ్యాచ్ మాత్రమే చెప్పు. మన సన్‌రైజర్స్‌నే తీసుకో. 2024లో రన్నరప్. 2025లో ఉప్పల్లో మొదటి మ్యాచ్‌లోనే రాజస్థాన్ మీద 286 కొట్టారు. ఢిల్లీలో ఆఖరి మ్యాచ్‌లో కోల్‌కతా మీద 278. ఈ రెండూ చెప్పి ఆగిపోతే విన్నవాడు కప్పు మనదే అనుకుంటాడు. మొదటి మ్యాచ్ తర్వాత వరసగా నాలుగు ఓడారనీ, మొత్తం పద్నాలుగింటిలో ఆరు గెలిచి ఏడు ఓడారనీ, ఒకటి వానకి పోయిందనీ, ఆరో స్థానంలో ఆగిపోయారనీ అడగనివాడికి చెప్పడం దేనికి?

వచ్చే ఏడాది ఏం చేస్తారని ప్రిన్సిపాల్ సార్ అడిగితే మన పాత ఐపీఎల్ టీమ్ డెక్కన్ చార్జర్స్ పేరెత్తు. 2008లో పద్నాలుగు ఆడి రెండే గెలిచారు, ఎనిమిది టీముల్లో అట్టడుగు. 2009లో దక్షిణాఫ్రికాలో అదే టీమ్ బెంగళూరుని ఆరు పరుగులతో ఓడించి కప్పు ఎత్తింది. “చూశారా సార్, ఏడాది తిరిగితే అంతా మారిపోతుంది” అను. నడుమ కోచ్ మారాడు, గిల్‌క్రిస్ట్ మొదటి రోజు నుంచీ కెప్టెన్‌గా దిగాడు. ఆ వివరాలు వద్దు. క్యాలెండర్ మారితే చాలన్నట్టు చెప్పు. సార్‌కి కావలసిందీ అదే.

ఇక స్కోర్‌షీట్. కొత్త కెప్టెన్లు దీన్ని చూసి ఊరికే భయపడతారు. అది మన పక్షమే. పడిన బంతులే అందులో ఎక్కుతాయి; పడనివి, చేజారిన రీబౌండ్లు, అవతలివాడి చేతికి అప్పనంగా ఇచ్చిన పాసులు ఎక్కవు. ఓడిన టీముకి ఇంత మర్యాద చేసే కాగితం ఇంకోటి లేదు. లామినేషన్ చేయించి పెట్టుకో.

ఒక్క చోట మాత్రం జాగ్రత్త. అవతలి టీమ్ ఫౌళ్ల గడుల్లో ‘పి2’ అని రాసి ఉంటుంది, అంటే ఆ ఫౌల్‌కి మనకి రెండు ఫ్రీ త్రోలు దక్కాయని. పడ్డ ప్రతి ఫ్రీ త్రోకీ మన వైపు నల్ల చుక్క పెడతారు. ఎవడైనా తీరిక దొరికి ఆ అంకెలన్నీ కూడి, చుక్కలు తీసేస్తే, ఎన్ని వదిలామో బయటపడిపోతుంది. రెండు పాయింట్ల తేడాతో ఓడిన మ్యాచ్‌లో తొమ్మిది వదిలామని తేలితే రిఫరీని ఎలా తిడతావు? బోర్డుకి 4.6 మీటర్ల దూరం, ఎదురుగా చెయ్యెత్తేవాడు లేడు, అయిదు సెకన్ల టైముంది. అది పడకపోవడానికి ఏ గాలిని, ఏ ఫ్లోర్‌ని అంటావు? అందుకని కామర్స్ గ్రూప్ వాళ్ల చేతికి ఆ షీట్ అందనివ్వకు.

కోచ్‌ని మార్చమని అడుగు, కానీ మార్చనివ్వకు. కొత్త కోచ్ వస్తే డిఫెన్స్ అంటాడు, పొద్దున్నే పరుగులంటాడు. పాత సార్ ఉంటే తప్పు వేయడానికి ఒక మనిషి ఉంటాడు. సీనియర్లని కూడా అలాగే వాడుకో. అయిదు ఫౌళ్లు చేసి నాలుగో క్వార్టర్లో బెంచి మీద కూర్చున్నవాణ్ని “వాడు ఉండి ఉంటేనా” అంటూ తలుచుకోండి. ఆ అయిదు ఫౌళ్లు చేసింది వాడేనన్న సంగతి మర్యాద కొద్దీ మరిచిపోండి.

మీట్ పెట్టేటప్పుడు యూసుఫ్‌గూడ ఇండోర్ స్టేడియం ముందు ఓ గ్రూప్ ఫోటో దిగండి. మీరు లోపల ఆడారని మీరు చెప్పడం లేదు కదా, చూసేవాళ్లు అనుకుంటే మీ తప్పా? బిర్యానీ పెట్టించు. బిర్యానీ ముందు టర్నోవర్ల ఊసెత్తేంత రాక్షసుడు ఏ టీములోనూ ఉండడు.

అన్నట్టు, మీ ఫస్టియర్ పిల్లాడొకడు పొద్దున్న ఆరింటికే కోర్టుకి వచ్చి, ఒక్కడే నిలబడి, నోట్‌బుక్కులో గీతలు పెట్టుకుంటూ ఫ్రీ త్రోలు వేస్తున్నాడని విన్నాను. వాణ్ని పిలిచి నెమ్మదిగా మాట్లాడు. ఇప్పటికే వాడితో పాటు ఇంకో ఇద్దరు వస్తున్నారట.